సంతకం లేని పార్శిల్

"ఆ కొన్నామె కట్టుకుందా అమ్మీ? ఫోటో పంపమను, ఓపాలి సూస్తాను."

మామ్మ ఈ మాట అడిగినప్పుడు నేను వాళ్ళింటి గడపలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాను. చేతులు ఆగిపోయాయి. నెలన్నరగా ఆమె దగ్గర దాచిన సంగతి అది. ఆమె అమ్మమని ఇచ్చిన పట్టు ఎవరి ఇంట్లో ఉందో, అసలు ఎవరి ఇంట్లోనైనా ఉందో లేదో, నాకే తెలియదు. డబ్బు మాత్రం ఆమె చేతిలో పెట్టేశాను. అది కొన్నవాళ్ళ డబ్బు కాదు. నా చీటీ డబ్బు.

విదేశాల్లో ఉంటూ ఇంటి నుంచే చీరలు, నగలు, పాత వస్తువులు ఆన్‌లైన్‌లో అమ్ముకునే మనవాళ్ళు చాలామంది ఉన్నారు. నాలాగే మీలో కొందరైనా మొహమాటంతో నష్టపోయి ఉంటారు. ఇంకొకరు నష్టపోకూడదని ఇది రాస్తున్నాను.

మేముండేది తన్లిన్‌లో. మన పెద్దవాళ్ళు రంగం అనే యాంగోన్ నుంచి బగో నది దాటితే మా ఊరు. 1993లో వంతెన వచ్చేదాకా పడవలే దిక్కట. మావారు తిలవా ప్రత్యేక ఆర్థిక మండలిలో ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తారు. 2018లో శ్రీకాకుళం నుంచి వచ్చాం. వచ్చిన మొదటి నెలలో బజారులో ఒక ముసలావిడ నా చేతిలో కరివేపాకు చూసి "ఏ ఊరమ్మీ మీది?" అంది. బర్మాలో దిగి మా జిల్లా యాస వింటానని నేను కలలో కూడా అనుకోలేదు. ఆవిడే మా మామ్మ. చుట్టరికం లేదు, పక్కవీధి.

బ్రిటిష్ కాలంలో ఈ ఊరు సిరియం. బర్మా ఆయిల్ కంపెనీ రిఫైనరీ ఇక్కడే ఉండేది. మామ్మ తాతగారు కళింగపట్నంలో స్టీమరెక్కి వచ్చి అందులో కూలిపనికి కుదిరారట. 1942లో జపాన్ సైన్యం వస్తోందని బ్రిటిష్ వాళ్ళే ఆ రిఫైనరీని పేల్చేశారు. లక్షల మంది మనవాళ్ళు కాలినడకన దేశం దాటారు. మామ్మ వాళ్ళు వెళ్ళలేదు. 1960లలో నే విన్ ప్రభుత్వం దుకాణాలన్నీ జాతీయం చేసినప్పుడు మరోసారి జనం కట్టుబట్టలతో ఓడలెక్కారు. అప్పుడూ వీళ్ళు కదలలేదు. అందుకే మామ్మ తెలుగు మా అమ్మమ్మ తెలుగు కన్నా పాతది.

నేను ఇక్కడ ఊరికే కూర్చోలేక చిన్న వ్యాపారం మొదలుపెట్టాను. బగాన్ లక్కసామాను, అమరపుర పట్టు, ఇన్లే సరస్సు దగ్గర తామరతూళ్ళ లోపలి నారతో నేసే కండువాలు. ఫోటోలు తీసి వాట్సప్ గ్రూపుల్లో పెట్టేదాన్ని. అమెరికా, సింగపూర్, ఆస్ట్రేలియాల్లో ఉన్న తెలుగువాళ్ళే కొనేవాళ్ళు. మయన్మార్‌లో పేపాల్ లాంటివి లేవు కాబట్టి డబ్బు సింగపూర్‌లో ఉన్న మా చెల్లెలి అకౌంటుకు వచ్చేది.

తొలి దెబ్బ దేశం లోపలే తగిలింది. మాండలే నుంచి ఒకామె రెండు కంచిపట్టు చీరలు అడిగి, మొబైల్ వాలెట్‌లో డబ్బు వేసినట్టు స్క్రీన్‌షాట్ పంపింది. మొత్తం, తేదీ, నా పేరు, అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఆ రోజు మా వీధిలో పొద్దుటి నుంచి కరెంటు లేదు, నెట్ సరిగా రావడం లేదు. బస్సు వెళ్ళిపోతుందని ఆమె తొందరపెట్టింది. చీరలు బస్సులో వేసేశాను. రాత్రి వాలెట్ తెరిచి చూస్తే ఒక్క చాట్ కూడా రాలేదు. స్క్రీన్‌షాట్ అంటే బొమ్మ, డబ్బు కాదు అని ఆ రోజు నేర్చుకున్నాను. అయినా "ఎవరో మోసగత్తె, మనవాళ్ళు అలా చేయరు" అనుకుని సరిపెట్టుకున్నాను. ఆ రెండో ముక్కే తర్వాత నా కొంప ముంచింది.

2023లో మామ్మకు రెండు కళ్ళల్లోనూ శుక్లాలు ముదిరాయి. ఆపరేషన్‌కు డబ్బు కావాలి. ఒకరోజు ట్రంకుపెట్టె తెరిచి, పాత దుప్పటిలో చుట్టిన పట్టు తీసింది. కూతురి పెళ్ళికి అమరపురలో చెప్పి నేయించిన లున్‌తయా అచేక్. బర్మా భాషలో లున్ అంటే నాడె, తయా అంటే నూరు. నిజంగానే నూరుకు పైగా చిన్న చిన్న నాడెలతో, అలల మీద అలలు వచ్చినట్టు నేస్తారు. ఇద్దరు నేతగత్తెలు పక్కపక్కన కూర్చుని రోజంతా నేస్తే కొద్ది అంగుళాలే తేలుతుంది. ఆ కూతురు ఇప్పుడు లేదు. "పెట్టెలో ఉంటే నాకేటి, కళ్ళుంటే కదా సూసుకోడానికి" అంది మామ్మ.

నేను ఫోటోలు పెట్టిన రెండో రోజే అమెరికా నుంచి ఒకామె అడిగింది. నేతబట్టలు సేకరిస్తుందట. మాట చాలా మర్యాద. మొదటి ఫోన్‌లోనే నన్ను "చెల్లీ" అంది, నేను "అక్కా" అన్నాను. 900 డాలర్లకు కుదిరింది. డబ్బు కూడా మా చెల్లెలి అకౌంటుకు నిజంగానే వచ్చింది. ఈసారి స్క్రీన్‌షాట్ కాదు, చెల్లెలు లాగిన్ అయి చూసి చెప్పింది. ఇంకేం భయం అనుకున్నాను.

పార్శిల్ కట్టే ముందు అక్క ఫోన్ చేసింది. "చెల్లీ, కస్టమ్స్ కాగితం మీద గిఫ్ట్ అని, 40 డాలర్లని రాయవా? లేకపోతే నాకు డ్యూటీ పడుతుంది." అప్పట్లో అమెరికాకు 800 డాలర్ల లోపు సరుకు సుంకం లేకుండా వెళ్ళేది. మనది దాటుతోంది. అడిగింది అక్క, ఎలా కాదనను? రాశాను. కొరియర్ కౌంటర్‌లో అబ్బాయి "సంతకం తీసుకుని ఇచ్చే సర్వీసు కావాలా, అదనంగా అవుతుంది" అన్నాడు. ఆ పైసలు మామ్మకు మిగులుతాయి కదా అని వద్దన్నాను. "నలభై డాలర్ల బట్టకు ఇన్సూరెన్స్ ఎందుకులెండి" అని అతనే నవ్వాడు. నేనూ నవ్వాను.

తొమ్మిదో రోజున ట్రాకింగ్‌లో "డెలివర్డ్" అని వచ్చింది. వాకిట్లో పెట్టినట్టు రాసి ఉంది. అక్క నుంచి మాట లేదు. రెండు రోజులకు నేనే అడిగాను. "నాకు రాలేదు చెల్లీ. ఆ రోజు ఇంట్లో ఎవరమూ లేము. గుమ్మం ముందు ఏమీ లేదు" అంది. ఆ తర్వాత వారానికి ఆమె పేమెంట్ కంపెనీలో ఫిర్యాదు పెట్టింది. వాళ్ళు మా చెల్లెల్ని ఒకటే అడిగారు. చేరినట్టు సంతకం ఉందా? లేదు. 900 డాలర్లు వెనక్కి వెళ్ళిపోయాయి.

కొరియర్ దగ్గరకు వెళితే, మా లెక్కలో అది చేరింది అన్నారు. ఒకవేళ పోయిందని ఒప్పుకున్నా, మీరు రాసింది 40 డాలర్లే కదమ్మా అన్నారు. తప్పు వాళ్ళది కాదు. అబద్ధం రాసింది నా చెయ్యే. తొమ్మిది వందల సరుకుకు నలభై అని నేనే ధర కట్టాక, ఇంకొకరు ఎక్కువ ఎందుకు ఇస్తారు?

చీటీ పాడి మామ్మకు డబ్బు ఇచ్చాను. మావారికి చెప్పాను, మామ్మకు చెప్పలేదు. ఒక కన్ను ఆపరేషన్ అయింది, చూపు బాగుంది. సరిగ్గా అప్పుడే ఆ ఫోటో అడిగింది.

చిక్కుడుకాయల గిన్నె పక్కన పెట్టి మొత్తం చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత నెమ్మదిగా అంది.

"మా అమ్మ మీ దేశం పార్శిలేసిందంటే తెల్లగుడ్డలో ఎట్టి సూదీ దారంతో కుట్టేసీది. కుట్టు మీద లక్క ముద్దర్లు ఏయించేది. రసీదు బియ్యం డబ్బాలో దాసేది. ఊర్నించి ఉత్తరం వొచ్చినదాకా ఆ రసీదు తీసీది కాదు. ఎవులి మీదా అనుమానం కాదమ్మీ. దారిలో ఎన్ని సేతులు మారతాదో మనకేటి తెలుసు?"

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా చిన్నప్పుడు పోస్టాఫీసులో చూసిన పార్శిళ్ళు గుర్తొచ్చాయి. గుడ్డ, కుట్టు, కుట్టుకు కుట్టుకు మధ్య ఎర్రలక్క. విప్పితే తెలిసిపోతుంది. 1937 ఏప్రిల్ 1న బర్మాను విడదీసేదాకా రంగం నుంచి శ్రీకాకుళానికి పార్శిల్ అంటే ఒకే దేశపు తపాలా. మనియార్డర్లు ఉండేవి, వి.పి.పి. ఉండేది. పోస్ట్‌మ్యాన్‌కు డబ్బు ఇస్తేనే సరుకు చేతికి వచ్చే ఆ వి.పి.పి.నే ఇప్పుడు మనం క్యాష్ ఆన్ డెలివరీ అంటున్నాం. చదువు రాని ఆడవాళ్ళు కూడా వేలిముద్ర వేయకుండా పార్శిల్ తీసుకునేవాళ్ళు కాదు. వాళ్ళకు లేని మొహమాటం మనకు ఎక్కడి నుంచి వచ్చింది?

నాకు ఇవాళ్టికీ తెలియనిది ఒకటే. అక్క అబద్ధం చెప్పిందా, లేక వాకిట్లోంచి ఎవరైనా ఎత్తుకుపోయారా? అమెరికాలో గుమ్మాల ముందు పార్శిళ్ళు పోవడం మామూలేనని అక్కడున్న మీకు నాకన్నా బాగా తెలుసు. ఆమె నంబరు ఇంకా నా ఫోన్‌లో ఉంది. పండక్కి ముగ్గు ఫోటో స్టేటస్ పెడితే కనిపిస్తుంది. ఆమెను దొంగ అనలేను, కాదు అని కూడా అనలేను. ఆమె నిజం చెప్పి ఉంటే, నేను ఆమె మీద పెంచుకున్న అనుమానం ఎంత పాపం! ఆ ఒక్క సంతకం ఉంటే ఆమె మీద నాకు కానీ, నా మీద ఆమెకు కానీ అనుమానం వచ్చేది కాదు. జాగ్రత్త పడితే ఎదుటివాళ్ళను అవమానించినట్టు అనుకుంటాం. జాగ్రత్త పడకపోవడం వల్లే నేను ఆమెను ప్రతి పండక్కీ మనసులో అవమానిస్తున్నాను.

అప్పటి నుంచి నేను నేర్చుకున్నవి చెబుతాను.

ముందు డబ్బు సంగతి. మన అకౌంటు మనమే తెరిచి చూసుకున్నాకే సరుకు కదలాలి. స్క్రీన్‌షాట్లు, "పేమెంట్ పెండింగ్‌లో ఉంది, ట్రాకింగ్ నంబరు ఇస్తే విడుదలవుతుంది" అనే ఈమెయిళ్ళు నమ్మొద్దు. ఎక్కువ మొత్తానికి చెక్కు పంపి, మిగిలింది తిరిగి పంపమంటే అక్కడితో ఆపేయండి. చెక్కు వారాల తర్వాత కూడా తిరిగి రావచ్చు, మనం పంపింది రాదు. ఇండియాలో ఉన్నవాళ్ళకు అమ్మేటప్పుడు "ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి, డబ్బు వస్తుంది" అంటారు. యూపీఐలో డబ్బు తీసుకోవడానికి పిన్ అక్కర్లేదు. పిన్ కొట్టామంటే డబ్బు పోయినట్టే. పేపాల్‌లో "ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీ" కింద పంపితే ఫీజు మిగులుతుంది కానీ, గొడవ వస్తే అమ్మినవాళ్ళకూ రక్షణ లేదు, కొన్నవాళ్ళకూ లేదు.

డబ్బు వచ్చినంత మాత్రాన అయిపోలేదు. పేపాల్‌లో 180 రోజుల వరకు ఫిర్యాదు పెట్టవచ్చు. అందుకే రసీదులు, మెసేజ్‌లు, ఫోటోలు ఆరు నెలలు దాటేదాకా చెరిపేయొద్దు. నావి ఒక బిస్కెట్ డబ్బాలో ఉంటాయి, మామ్మ వాళ్ళమ్మ బియ్యం డబ్బా లాగా.

రెండోది చిరునామా. ఆర్డర్‌లో, పేమెంట్‌లో ఏ చిరునామా ఉందో దానికే పంపాలి. "మా ఆడపడుచు ఇంటికి పంపండి" అని మధ్యలో మారిస్తే రక్షణ పోతుంది. అలాంటప్పుడు డబ్బు తిరిగి పంపేసి, కొత్త చిరునామాతో మళ్ళీ కట్టమంటాను. కొన్నవాళ్ళే తమ మనిషిని పంపి తీసుకెళతామంటే, ఇంట్లో చేతికిచ్చినట్టు మన దగ్గర ఏ ఆధారమూ మిగలదు.

మూడోది కట్టడం. వస్తువు, దాని గుర్తులు, పెట్టెలో పెట్టడం, టేపు వేయడం, చిరునామా అంటించడం, అంతా ఒకే వీడియోలో మధ్యలో ఆపకుండా తీస్తాను. ప్రతి నేతబట్టలోనూ ఎక్కడో ఒక ముడి, రంగు తేడా ఉంటుంది. దాన్ని దగ్గరగా ఫోటో తీస్తాను. మన బట్ట బదులు వేరే బట్ట వెనక్కి వస్తే అదే సాక్షి. టేపు అంచు మీద చెరగని పెన్నుతో సంతకం చేస్తాను. నా లక్క ముద్ర అది. కౌంటర్‌లో పెట్టెను నా ఎదురుగా తూయించి, రసీదు మీద బరువు గ్రాములతో సహా వేయిస్తాను. ఖాళీ పెట్టె వచ్చిందని ఎవరైనా అంటే మొదట మాట్లాడేది ఆ బరువే.

నాలుగోది విలువ. అసలు ధరే రాయండి. తప్పు ధర రాయడం కస్టమ్స్ నేరం, పైగా నష్టం మనదే. విమానంలో వెళ్ళే సరుకు పోతే ఎంత ఇవ్వాలో మాంట్రియల్ ఒప్పందంలో ఉంది. అది ధర మీద కాదు, బరువు మీద. కిలోకు 22 ఎస్‌డిఆర్ ఉండేది, 2024 డిసెంబర్ 28 నుంచి 26. ఎస్‌డిఆర్ అంటే ఐ.ఎం.ఎఫ్. లెక్క. డాలర్లలో కిలోకు సుమారు 35. విలువ విడిగా ప్రకటించి అదనంగా కట్టకపోతే, ఆ లెక్కలో పట్టుచీరా బంగాళాదుంపలూ ఒకటే. అమెరికాలో ఆ 800 డాలర్ల వెసులుబాటు 2025 ఆగస్టు 29 నుంచి ఎత్తేశారు. అంటే "కాస్త తగ్గించి రాయండి" అని అడిగేవాళ్ళు ఇకముందు ఎక్కువవుతారు. డ్యూటీ ఎవరు కట్టుకోవాలో ధర చెప్పినప్పుడే చెప్పేయండి.

నగలైతే ఇంకో సంగతి. చాలా కొరియర్లు బంగారం, రత్నాలు అసలు తీసుకోవు. తీసుకున్నా కొద్ది మొత్తానికే బాధ్యత పడతాయి. షరతులు చదవకుండా "బట్టలు" అని రాసి లోపల గొలుసు పెడితే, పోయినప్పుడు గొలుసు అని నోరు తెరవలేం. అమెరికా లోపల పంపేవాళ్ళకు తపాలా శాఖ రిజిస్టర్డ్ మెయిల్ ఉంది, 50,000 డాలర్ల దాకా ఇన్సూరెన్స్ ఇస్తారు. మెల్లగా వెళుతుంది కానీ చేయి మారిన ప్రతిచోటా సంతకం పడుతుంది. ఇంగ్లండులో ఉన్నవాళ్ళు నగలకు రాయల్ మెయిల్ స్పెషల్ డెలివరీ వాడాలి.

ఇక సంతకం. ఈబేలోనూ పేపాల్‌లోనూ 750 డాలర్లు దాటిన సరుకుకు సంతకం ఉంటేనే అమ్మినవాళ్ళకు రక్షణ. నేను మాత్రం 100 డాలర్లు దాటితే సంతకం పెట్టిస్తున్నాను. ఆ ఖర్చు ధరలోనే కలిపేస్తాను.

ఇవన్నీ ప్రతి ఒక్కరికీ నోటితో చెప్పాలంటే మళ్ళీ మొహమాటం వస్తుంది. అందుకని ఒక మెసేజ్ రాసిపెట్టుకున్నాను. అడిగిన ప్రతివాళ్ళకూ, మా సొంత వదినకైనా సరే, మొదట అదే వెళుతుంది. "అసలు ధరే కాగితం మీద వేస్తాను. ఇన్సూరెన్స్ చేస్తాను. పార్శిల్ మీరు సంతకం పెట్టి తీసుకోవాలి. విప్పేటప్పుడు దయచేసి వీడియో తీయండి. ఇది మన ఇద్దరి క్షేమం కోసం." కావాలంటే ఇదే మీరూ వాడుకోండి.

దీనివల్ల ఒకరిద్దరు చిన్నబుచ్చుకున్నారు. మెల్‌బోర్న్ నుంచి ఒకామె "మమ్మల్ని నమ్మరా ఏంటండీ?" అంది. "మిమ్మల్ని నమ్ముతానండీ. మీకూ నాకూ మధ్య ఉన్నవాళ్ళు ఎవరో నాకు తెలియదు" అన్నాను. మామ్మ మాటే అది. ఆమె కాసేపాగి సరే అంది. పార్శిల్ అందాక తామరనార కండువా వేసుకుని ఫోటో కూడా పంపింది. మామ్మకు చూపించాను. ఫోన్ దగ్గరగా పెట్టుకుని, కండువా అంచు వేలితో పెద్దది చేసి చూసి, "నేత సిక్కంగా ఉంది" అంది. తన పట్టు సంగతి ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

రెండో కన్ను కూడా అయింది ఇప్పుడు. ఖరీదైన బట్ట ఏదైనా పంపాల్సి వస్తే మామ్మే మా ఇంటికి వస్తుంది. పెట్టెలో పెట్టే ముందు బట్టను తెల్లటి మల్లుగుడ్డలో చుట్టి, చుట్టూ కుట్టేస్తుంది. సూదిలో దారం తనే ఎక్కించుకుంటుంది. నేను వీడియో తీస్తూ ఉంటాను.